ఈటింగ్ డిజార్డర్స్ శిక్షణ: తిరుపతి కౌన్సెలర్‌గా నా అనుభవం

నేను తిరుపతిలో ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో కౌన్సెలర్‌ని. సాయంత్రాలు బాలాజీ కాలనీలో చిన్న గది అద్దెకు తీసుకుని బయటివాళ్లను కూడా చూస్తాను. సైకాలజీలో ఎమ్మెస్సీ, ఆ తర్వాత కౌన్సెలింగ్‌లో పీజీ డిప్లొమా చేశాను. ఆ రెండు చదువుల్లో కలిపి ఈటింగ్ డిజార్డర్స్, అంటే తిండి చుట్టూ ముదిరే మానసిక జబ్బుల గురించి నేను చదివింది ఒకే ఒక్క పాఠం. 2024 జూన్‌లో ఈ విషయం మీద కౌన్సెలర్లకు ఇచ్చే శిక్షణకు అప్లై చేశాను. 2025 మే చివర్లో సర్టిఫికెట్ వచ్చింది. మధ్యలో ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో, ముందుగా ఎవరూ చెప్పని సంగతులేమిటో రాస్తున్నాను. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి ఇంకెవరైనా చేరితే ఉపయోగపడుతుంది. ఇందులో వచ్చే పిల్లల వివరాలన్నీ గుర్తుపట్టలేకుండా మార్చాను.

మా హాస్టల్లో పిల్లలను నా దగ్గరికి పంపేటప్పుడు వార్డెన్లు చీటీ మీద కారణం రాసి పంపుతారు. "చదువు మీద ధ్యాస లేదు", "ఊరికే ఏడుస్తుంది", "స్టడీ అవర్‌లో కళ్లు తిరిగి పడింది". అలా వచ్చినవాళ్లలో కొందరికి అసలు బాధ తిండి దగ్గరే ఉందని నాకు తెలుస్తూనే ఉండేది. ఒక పాప మెస్‌లో తన ప్లేటులోది చుట్టూ ఉన్నవాళ్లందరికీ పంచేసి, తాను మజ్జిగ తాగి లేచిపోయేది. ఇంకో పాప రాత్రి అందరూ పడుకున్నాక బిస్కెట్ ప్యాకెట్లు వరసగా ఖాళీ చేసి, బాత్‌రూమ్‌లో కక్కే చప్పుడు వినపడకుండా ట్యాప్ తిప్పి పెట్టుకునేది. తిరుపతిలో సైకియాట్రిస్టులు ఉన్నారు. వారం వారం కూర్చుని ఈ ఒక్క పని చేసే కౌన్సెలర్ మాత్రం నాకు దొరకలేదు. వేలూరుకో బెంగళూరుకో తీసుకెళ్లమంటే, "అన్నం తినేదానికి కూడా అంత దూరం పోవాలా మేడం?" అనేవాళ్లు తల్లులు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది.

అప్లికేషన్ ఫారంలో చదువు, అనుభవం గురించి ఒక పేజీ. మిగతా రెండు పేజీలూ నా గురించే. మీరు ఎప్పుడైనా డైటింగ్ చేశారా, మీ ఇంట్లో ఎవరికైనా ఈ సమస్య ఉందా, మీ ఒంటి గురించి మీరేమనుకుంటారు. అవి చదివి ఫారం పక్కన పెట్టేశాను. నాలుగు రోజులు ఆగి మళ్లీ తీసి రాశాను. ఈ జబ్బు దాటి వచ్చినవాళ్లు కూడా చేరవచ్చట. వాళ్లు ఎలా ఉన్నారో చూసుకునేందుకు ఒక సీనియర్‌ను విడిగా పెడతారు. ఫారం పంపిన ఐదు వారాలకు వీడియోలో ఇంటర్వ్యూ జరిగింది. మొదటి ప్రశ్న, "ఈరోజు మధ్యాహ్నం ఏం తిన్నారు?" రాగి సంగటి, ఊరిబిండి అన్నాను. "ఇది చెప్పేటప్పుడు మీకు ఇబ్బందిగా అనిపించిందా?" అని అడిగారు. లేదన్నాను. మరుసటి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఆ రెండో ప్రశ్న ఎందుకు అడిగారో మూడు నెలలకు గానీ అర్థం కాలేదు.

ఫీజు 38,000 అని ప్రకటనలో ఉంది. దాని మీద 18 శాతం జీఎస్టీ అని చిన్న అక్షరాల్లో ఉంది. అంటే 44,840. రెండు వాయిదాల్లో కట్టనిచ్చారు. మొదటి వాయిదా కట్టిన రోజు మా ఆయనతో, "ఈ డబ్బుతో స్కూటీ సర్వీసింగ్ చేయించి, గదికి కొత్త కుర్చీలు కూడా కొనొచ్చు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. అది నాకింకా టెన్షన్ పెంచింది.

సెప్టెంబర్ మొదటి వారంలో క్లాసులు మొదలయ్యాయి. శనివారం సాయంత్రం, ఆదివారం ఉదయం, ఆన్‌లైన్‌లో. శనివారం సాయంత్రం నా గదికి ఎక్కువమంది వచ్చే సమయం, ఆ ఆదాయం పోయింది. ఇది ఫీజులో కనిపించని ఖర్చు, ముందే లెక్క వేసుకోండి. బ్యాచ్‌లో ఎక్కువమంది బెంగళూరు, పుణె, కొచ్చి వాళ్లు. తెలుగువాళ్లం ఇద్దరమే, నేనూ, చిత్తూరు నుంచి ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసే ఆవిడా. పాఠం అంతా ఇంగ్లిష్‌లోనే. క్లాసు అయిపోగానే మేమిద్దరం ఫోన్లో ఇంకో అరగంట మాట్లాడుకునేవాళ్లం. నిజం చెప్పాలంటే నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ ఫోన్లలోనే.

మొదటి నెల నన్ను బాగా కదిలించింది మిన్నెసోటా ప్రయోగం. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944 నవంబర్‌లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని చెప్పి, దాని బదులు ఇష్టపడి ఈ ప్రయోగానికి వచ్చినవాళ్లు. మొదట వాళ్ల మామూలు తిండి గమనించి, తర్వాత ఆరు నెలలు సగం కడుపుతో ఉంచారు. బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. అందులో ఆశ్చర్యం లేదు. వాళ్ల మనసులకు ఏమైందో అదే అసలు సంగతి. వంటల పుస్తకాలు పోగేసి చదివేవాళ్లు. ఉన్న కాస్త తిండినీ ముక్కలు ముక్కలు చేసుకుని గంటల తరబడి తినేవాళ్లు. ప్లేట్లు నాకేవాళ్లు. చిరాకు, దిగులు, మనుషులంటే విసుగు. వీళ్లలో ఎవరికీ సన్నబడాలన్న కోరిక లేదు. ఆకలి ఒక్కటే మనిషిని అలా చేసింది.

మా హాస్టల్ పాప ఒకతె ఆదివారం ఫోన్ ఇచ్చినప్పుడు ఇంటికి కాల్ చేయకుండా ఇచ్చిన సమయమంతా బిర్యానీ, కేకుల వీడియోలే చూస్తుందని వార్డెన్ విసుక్కునేది. తిననిదానికి అవెందుకు అని. ఆ క్లాసు తర్వాత వార్డెన్‌కు ఈ 36 మంది కథ తెలుగులో చెప్పాను. "అంటే దానిది పొగరు కాదన్నమాట" అంది. పదో తరగతి చదివిన ఆవిడ నాకంటే తొందరగా విషయం పట్టుకుంది.

తర్వాత పేర్లు, కొలతలు వచ్చాయి. తిండి బాగా తగ్గించి ప్రమాదకరంగా చిక్కిపోయేది అనొరెక్సియా. అదుపు తప్పి తిని, కక్కడం లాంటివి చేసేది బులీమియా; దాన్ని 1979లో జెరాల్డ్ రస్సెల్ అనే డాక్టరు వర్ణించాడు. వేళ్లు గొంతులో పెట్టుకుని పెట్టుకుని చేతి కణుపుల మీద పడే కాయలకు ఇప్పటికీ ఆయన పేరే. అలా అదుపు తప్పి తినడం ఉండి, కక్కడం లాంటివి లేనిది బింజ్ ఈటింగ్; 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5, అంటే మానసిక జబ్బులను గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే పుస్తకం, దాన్ని విడి జబ్బుగా గుర్తించింది. అదే పుస్తకం అనొరెక్సియాకు నెలసరి ఆగిపోయి ఉండాలన్న నిబంధన తీసేసింది. ఇది మాకు చాలా ముఖ్యం. మన దగ్గర తల్లులు మొదట భయపడేది నెలసరి గురించే, మొదట వెళ్లేది గైనకాలజిస్టు దగ్గరికే. నెలసరి సరిగ్గా వస్తుంటే పిల్ల బాగున్నట్టే లెక్క. ఇక పీసీఓడీ (నెలసరి తప్పించే అండాశయాల సమస్య) అని బరువు తగ్గమని చెప్పించుకున్న పిల్లలు వారం రోజులు కడుపు మాడ్చుకుని, ఎనిమిదో రోజు ఆగలేక తినేసి, ఆ సిగ్గుతో మళ్లీ మాడ్చుకోవడం నేను ఎంతమందిలో చూశానో.

స్కాఫ్ అని ఐదు ప్రశ్నల జాబితా ఇచ్చారు. 1999లో బ్రిటన్‌లో తయారైంది. రెండింటికి అవునంటే లోతుగా చూడాలి. అందులో ఒకటి, మూడు నెలల్లో ఆరు కిలోల పైన తగ్గారా అని. మా పిల్లలకు వాళ్ల మాక్ టెస్టు ర్యాంకు తెలుసు గానీ బరువు తెలియదు. చిత్తూరు ఆవిడ ఒక చిట్కా చెప్పింది. యూనిఫాం పక్కల పిన్నీసులు ఉన్నాయేమో చూడు, ఎప్పుడు కుట్టించారో అడుగు అని. ఇప్పుడు నేను అదే అడుగుతున్నాను.

నవంబర్‌లో హోంవర్క్ ఒకటి ఇచ్చారు. ఒక వారం పాటు మనుషుల ఒంటి గురించి చెవిన పడిన ప్రతి మాటా, మన నోట వచ్చిన ప్రతి మాటా రాసుకోవాలి. కార్తీక మాసం, పెళ్లిళ్ల రోజులు. కల్యాణ మండపంలో చెప్పులు విప్పేలోపే మొదలైంది. "ఏం పాపా, ఇట్లా ఒళ్లు చేసినావే?" "మీ పెద్దోడు పుల్లయిపోయినాడు, హాస్టల్లో ఏం పెడతాండారు?" "పెళ్లికూతురు రంగు కాస్త తక్కువైనా ముఖంలో కళ ఉండాది." భోజనాల దగ్గర ఒకావిడ తన కోడలి విస్తరి చూసి, "ఇంకో లడ్డూ వద్దులే దానికి" అని వడ్డించే అబ్బాయిని పంపేసింది. కోడలు నవ్వింది. నేను పుస్తకం తీసి రాసుకుంటుంటే మా అత్తయ్య చదివింపులు రాస్తున్నాననుకుంది.

క్లాసులో అవి చదివితే బెంగళూరు, పుణె వాళ్లు బిక్కచచ్చిపోయారు. ఇలాంటి మాటలు ఎవరూ అనకుండా ఆపాలి అన్నారు ట్రైనర్ మేడం. అక్కడ నాకు ఆవిడతో కుదరలేదు. "చిక్కిపోయావే" అని మా జేజి అంటే దాని అర్థం దగ్గరికి రా, అన్నం పెడతాను అని. ఊరందరి నోళ్లూ నేను మూయలేను, మూయాలని కూడా లేదు. నా గదిలో, హాస్టల్లో మాత్రం ఆ మాటలు ఉండకూడదని నిర్ణయించుకున్నాను. మా పీఈటీ సార్ ఆడపిల్లలను వరసలో నిలబెట్టి బరువు తూచి గట్టిగా చదివి చెప్పేవారు. డిసెంబర్ నుంచి అది తెర వెనక ఒక్కొక్కరికీ జరుగుతోంది, అంకె పైకి చదవడం లేదు. ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. "మేం చిన్నప్పుడు ఇట్లనే తూచేవాళ్లు, ఏమైంది?" అన్నారాయన. ప్రిన్సిపాల్ గారితో చెప్పించాల్సి వచ్చింది.

పాఠాల్లో కనిపించే అమ్మాయి లావైపోతానన్న భయంతో తినడం మానేస్తుంది. మన దగ్గరికి వచ్చే పిల్ల ఆ మాటే అనదు. పలమనేరు వైపు నుంచి ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చింది. "ఏం తిన్నా కడుపు ఉబ్బరంగా ఉండాదంట మేడం, గ్యాస్ అంట." ఎండోస్కోపీ చేయించారు, ఏమీ లేదు. మందులు మార్చారు. పిల్ల చిక్కిపోతూనే ఉంది. లావు అన్న పదం ఆ పిల్ల నోట ఒక్కసారి కూడా రాలేదు. ఇది నాకే ఎదురైన వింత అనుకున్నాను. కానీ హాంకాంగ్‌లో సింగ్ లీ అనే సైకియాట్రిస్టు 1990లలోనే ఇలాంటివాళ్ల గురించి రాశాడు. కడుపు ఉబ్బరం, తినబుద్ధి కాకపోవడం చెబుతారు, బరువు భయం చెప్పరు, జబ్బు మాత్రం అదే. ఆ పాఠం విన్న రాత్రి నాకు కాస్త ధైర్యం వచ్చింది. మన పిల్లల గురించి కూడా ఎక్కడో ఎవరో ఆలోచించారు కదా అని.

ఉపవాసాల విషయంలో మాత్రం మాకు ఎవరూ దారి చెప్పలేదు. ఇది తిరుపతి. శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి, కార్తీక సోమవారాలు. పదహారేళ్ల పిల్ల శనివారం తినకపోతే ఇంట్లో అందరికీ సంతోషం. భక్తిని జబ్బు అంటే నన్ను గదిలోంచి గెంటేస్తారు, గెంటాలి కూడా. చిత్తూరు ఆవిడా నేనూ కూర్చుని కొన్ని ప్రశ్నలు తయారు చేసుకున్నాం. ఉపవాసం విడిచేటప్పుడు ఇంట్లోవాళ్లతో కలిసి తింటావా? శనివారానికి కొత్తగా ఎన్ని రోజులు తోడయ్యాయి? జ్వరం వచ్చింది, ఈ వారం వద్దులే అని నాన్న అంటే నీకు హాయిగా ఉంటుందా, గుండె దడ వస్తుందా? మూడో ప్రశ్న చాలా పనిచేస్తుంది. పిల్లల ముఖంలోనే తెలిసిపోతుంది. ఈ ప్రశ్నలు క్లాసులో పెడితే ట్రైనర్ మేడం రాసుకున్నారు. రంజాన్ రోజుల్లో వచ్చే పిల్లలకు వాటిని ఎలా మార్చాలో కొచ్చి నుంచి వచ్చిన అమ్మాయి చెప్పింది.

ఇంకో రెండు సంగతులు మా ఊళ్లో తప్ప ఎక్కడా ఉండవేమో. సరిగ్గా తినకపోతే జుట్టు ఊడుతుంది. ఒక పిల్ల దువ్వెన నిండా వస్తున్న జుట్టు ఎవరికీ కనిపించకూడదని కొండకు వెళ్లి గుండు చేయించుకుంది. మొక్కు అంది. ఇంట్లో ఎవరూ మారు మాట అడగలేదు. తిరుపతి వీధుల్లో గుండుతో ఉన్న ఆడపిల్లను ఎవరూ రెండోసారి చూడరు. అది ఈ ఊరి గొప్పతనం, అలాగే ఆ పిల్ల దాక్కోవడానికి దొరికిన చోటు కూడా. రెండోది ఒక డిగ్రీ అబ్బాయిది. అలిపిరి మెట్లు 3,550. ఆ అబ్బాయి వారంలో చాలా రోజులు తెల్లవారుజామున ఎక్కి, బస్సులో దిగి, జిమ్‌కు వెళ్లి, ఉడికించిన గుడ్డు తెల్లసొనలు, ప్రొటీన్ పౌడర్ తప్ప ఇంకేమీ తినేవాడు కాదు. కండలు చాలడం లేదని అద్దం ముందు ఏడుపు. కాలు బెణికినా ఎక్కడం ఆపలేదు. ఎదురైనవాళ్లు "గోవిందా" అని నమస్కారం పెడుతుంటే ఆపమని ఎవరంటారు? మగపిల్లలకు ఇది రాదనుకునే తల్లిదండ్రులకు ఇప్పుడు ఈ అబ్బాయి గురించే చెబుతున్నాను, పేరు లేకుండా.

జనవరిలో మెడికల్ పాఠాలు. రిటైరైన సైకియాట్రిస్టు ఒకరు చెప్పారు. కొన్ని రాత్రులు నిద్ర పట్టలేదు. కక్కుతూ ఉంటే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. పిల్ల నవ్వుతూ కూర్చుని ఉంటుంది, మార్కులు బాగా వస్తుంటాయి, అయినా గుండె ఆగిపోవచ్చు. నాడి నిమిషానికి 50 కంటే తక్కువ ఉంటే, స్పృహ తప్పుతుంటే, నీళ్లు కూడా మానేస్తే, చనిపోవాలని ఉందంటే ముందు ఆస్పత్రి, తర్వాతే మన మాటలు. రక్త పరీక్షలు మామూలుగా వచ్చినంత మాత్రాన ప్రమాదం లేదనుకోవద్దని మూడుసార్లు చెప్పారు.

అన్నింటికంటే నాకు ఉలిక్కిపాటు కలిగించింది రీఫీడింగ్ సిండ్రోమ్. బాగా చిక్కిపోయినవాళ్లకు ఒక్కసారిగా దండిగా పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మన ఇళ్లలో మొదట చేసే పని అదే కదా. పిల్ల చిక్కిపోయిందని తెలియగానే నెయ్యి, సున్నుండలు, చికెన్. బాగా చిక్కిన పిల్ల విషయంలో ఎంత పెట్టాలి, ఎంత త్వరగా పెంచాలి అన్నది డాక్టరు చెప్పాలి, కౌన్సెలర్ చెప్పకూడదు. కాబట్టి డాక్టరు లేకుండా ఈ పని మొదలుపెట్టడానికి వీల్లేదు. శిక్షణలోనే అది షరతు. మీ ఊళ్లో ఒక ఫిజీషియన్, ఒక సైకియాట్రిస్టు, ఒక డైటీషియన్ ఒప్పుకుని సంతకం పెట్టిన కాగితం తేవాలి. సైకియాట్రిస్టు గారు వారంలో ఒప్పుకున్నారు. ఫిజీషియన్ కోసం దాదాపు ఆరు వారాలు తిరిగాను. ఒకరు, "తినమని గట్టిగా చెప్తే తింటారమ్మా" అని నవ్వి పంపేశారు. చివరికి ఒక చిన్న క్లినిక్ నడిపే ఆవిడ కూర్చోబెట్టి అంతా విని, పడుకున్నప్పుడు, లేచి నిలబడినప్పుడు నాడి, బీపీ, ఈసీజీ, ఎలక్ట్రోలైట్లు (రక్తంలోని లవణాలు), ఇవన్నీ తానే రాసుకున్నారు. ఒక చిన్న సంగతి: ల్యాబ్‌లో ఫాస్ఫేట్ అంటే కౌంటర్ దగ్గర తికమకపడతారు, వాళ్ల జాబితాలో ఫాస్ఫరస్ అని ఉంటుంది.

ఫిబ్రవరిలో రెండు రోజులు చెన్నైలో నేరుగా క్లాసులు. పుత్తూరు, నగరి మీదుగా బస్సులో వెళ్లాను. గది, తిండి, ఆటోలు కలిపి ఆరు వేల దాకా అయింది, ఇది ఫీజులో లేదు. అక్కడ నేర్పింది ఎక్కువగా ఎఫ్‌బీటీ, అంటే కుటుంబంతో చేసే చికిత్స. చిన్నవయసు పిల్లల అనొరెక్సియాకు ఇదే ముందు వరసలో ఉంది. మొదటి దశలో ఏం తినాలి, ఎంత తినాలి అన్నది పూర్తిగా తల్లిదండ్రుల చేతిలో ఉంటుంది. ప్రతి పూటా పక్కన కూర్చుంటారు. బరువు కోలుకునే కొద్దీ ఆ పగ్గాలు మెల్లగా పిల్లకు తిరిగి ఇస్తారు. చివరి దశలో ఈడుకు తగ్గ మిగతా విషయాలు. కుటుంబమంతా నా ఎదుట కూర్చుని భోజనం చేసే సెషన్ ఒకటి ఉంటుంది, అన్నం ఇంటి నుంచే తేవాలి.

దాన్ని మాతో నాటకంలా ఆడించారు. నేను తల్లిని, పుణె అబ్బాయి తండ్రి, కొచ్చి అమ్మాయి కూతురు. పెరుగన్నం డబ్బా ముందు పెట్టి ముప్పావు గంట. బతిమాలకూడదు, తిట్టకూడదు, బేరం పెట్టకూడదు. ప్రశాంతంగా, గట్టిగా, ఇంకో ముద్ద తిను అనాలి. పది నిమిషాలకే నాకు చెమటలు పట్టాయి. నాటకమని తెలుసు, అయినా ఆ అమ్మాయి ప్లేటు తోసేస్తే నిజంగా కోపం వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది. మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా తినలేదు. ఈటింగ్ డిజార్డర్స్ క్లాసులో అది కూడా గమనించి పాఠంలో కలిపేశారు.

నా అభిప్రాయం, ఎఫ్‌బీటీ మన ఇళ్లకు బాగా నప్పుతుంది. పక్కన కూర్చుని తినిపించడానికి మన అమ్మలకు మొహమాటం లేదు. చిక్కంతా వేరే చోట ఉంది. ఆ ఇంట్లో అమ్మ అందరికీ వడ్డించి, అందరూ లేచాక తింటుంది. కూతురితో కలిసి కూర్చో అమ్మా అంటే, "మరి వడ్డించేది ఎవరు మేడం?" అని అడుగుతుంది. పిల్లేమో హాస్టల్లో ఉంటుంది, ఇంటికి తీసుకెళ్తే క్లాసులు పోతాయి, నీట్ ఉంది, ఎప్‌సెట్ ఉంది. ఇంకొకటి, జబ్బునూ పిల్లనూ వేరు చేసి మాట్లాడమని ఈ పద్ధతి చెబుతుంది. మొండికేస్తున్నది మీ పాప కాదు, జబ్బు అని. చంద్రగిరి వైపు ఒక తల్లి అది విని, "అంటే గాలి సోకినట్టా మేడం?" అంది. ట్రైనర్ మేడానికి ఆ మాట బాగా నచ్చింది. నాకు మాత్రం భయం వేసింది, అక్కడి నుంచి తాయెత్తుకు ఒక్క అడుగే దూరం. ఇప్పుడు నేను జ్వరంలో పిల్ల విసుక్కుంటే మనం పిల్లను తప్పుపడతామా అని అడుగుతున్నాను.

మార్చి, ఏప్రిల్ నెలలు ప్రాక్టీసు, సూపర్‌విజన్, అంటే మన సెషన్లను ఒక సీనియర్ చూసి సరిదిద్దడం. గ్రూపు సూపర్‌విజన్ ఫీజులోనే ఉంది. ఒక్కరితో తీసుకోవాల్సిన ఎనిమిది గంటలకు గంటకు 1,500 చొప్పున విడిగా కట్టాలి. సెషన్ రికార్డు చేసి పంపాలి. పద్దెనిమిది నిండని పిల్లలకు తల్లిదండ్రుల సంతకమూ కావాలి, పిల్ల ఒప్పుకోలూ కావాలి. చాలామంది రికార్డింగ్ అనగానే వద్దన్నారు. ఒప్పుకున్న సెషన్లు తెలుగులో ఉంటాయి కదా, వాటిని అక్షరం అక్షరం రాసి ఇంగ్లిష్ చేయాలి. పది నిమిషాల మాటలకు ఒక రాత్రి పోయేది. తెలుగు తెలిసిన సూపర్‌వైజర్ కావాలని అడిగాను. లేరన్నారు. వచ్చే బ్యాచ్‌కు చూస్తామన్నారు.

నా ప్రాక్టీసు కేసు బిస్కెట్ ప్యాకెట్ల పాప. బరువు ప్రమాదంలో లేదు, ఫిజీషియన్ చూసి సరేనన్నారు. సీబీటీ-ఈ పద్ధతి, అంటే తిండి మీద, ఒంటి మీద ఉన్న ఆలోచనలనూ అలవాట్లనూ మెల్లగా మార్చే మాటల చికిత్స. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ తయారుచేసింది. బరువు మరీ తక్కువ కానివాళ్లకు 20 వారాల్లో 20 సెషన్లు, మొదట్లో వారానికి రెండు. నా శిక్షణ ముగిసేనాటికి సగం కూడా కాలేదు, మిగతావి తర్వాత కొనసాగించాను. ఇందులో వారానికి ఒకసారి బరువు నా గదిలోనే, ఇద్దరం కలిసి చూసి, గీత గీయాలి. మధ్యలో తూచుకోకూడదు. ఒక్క వారం అంకె మీద ఏ నిర్ణయానికీ రాకూడదు. డిజిటల్ కాటా కొన్నాను, 1,400. మొదటిరోజు ఆ పాప దాని వైపు చూడలేక గోడ వైపు తిరిగి ఎక్కింది. నెల తర్వాత తనే పెన్సిల్ తీసుకుని చుక్క పెట్టింది.

తిన్న ప్రతిదీ తిన్నప్పుడే రాయాలి. వేరే ఊళ్లవాళ్లు ఫోన్లో రాయిస్తారట. మా హాస్టల్లో ఫోన్లు లేవు. చిన్న నోట్‌బుక్ ఇస్తే రూమ్మేట్లు చదివేస్తారు. చివరికి ఫిజిక్స్ ఫార్ములాల పుస్తకం వెనక పేజీల్లో గుర్తులతో రాయడం మొదలుపెట్టింది. ఆలోచన తనదే. తర్వాత క్రమంగా తినడం: మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు, ఏ రెండింటి మధ్యా నాలుగు గంటలకు మించి గడవకూడదు. మా హాస్టల్లో టిఫిన్ ఏడున్నరకు, భోజనం ఒంటిగంటకు. మధ్యలో క్లాసులో ఏమీ తినకూడదని రూలు. రాత్రి ఆ పిల్ల ఎందుకు అదుపు తప్పుతుందో సగం ఈ టైంటేబుల్లోనే కనిపిస్తుంది. పదిన్నర బ్రేక్‌లో ఒక చెనక్కాయల ఉండ తినడానికి అనుమతి కావాలని లెటర్ పెట్టాను. ఒక్కరికి ఇస్తే అందరూ అడుగుతారన్నారు. అందరికీ ఇవ్వండి అన్నాను. జూన్ నుంచి ఇస్తున్నారు. ఈ ఏడాది మొత్తంలో నేను సాధించిందేదంటే నేనైతే ఈ ఉండే చూపిస్తాను.

పరీక్ష ఏప్రిల్ చివర్లో. ఒక కేసు రాయాలి, ఒక నటితో అరగంట సెషన్ చేయాలి. నటి మలయాళీ, నా ఇంగ్లిష్ ఆవిడకు, ఆవిడ ఇంగ్లిష్ నాకు సరిగ్గా అందలేదు. అయినా పాసయ్యాను. ఫలితం రెండు వారాల్లో అన్నారు, నాలుగు వారాలు పట్టింది. సర్టిఫికెట్ పీడీఎఫ్‌గా వచ్చింది, కాగితం కావాలంటే కొరియర్ చార్జీలు మనవే. ఇది లైసెన్సు కాదు. క్లినికల్ సైకాలజిస్టు అని రాసుకోవడానికి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ వేరే ఉంది, అది నాకు లేదు. బోర్డు మీద కౌన్సెలర్ అనే ఉంచాను. జీఎస్టీతో ఫీజు, సూపర్‌విజన్, చెన్నై, కాటా, మంచి హెడ్‌ఫోన్, ప్రింట్లు అన్నీ కలిపితే 66 వేలకు కాస్త అటూ ఇటూ అయింది. పోయిన శనివారాల ఆదాయం అందులో లేదు.

చేరేవాళ్లు డాక్టర్ల సంతకాల పని మొదటి నెలలోనే మొదలుపెట్టండి, జనవరి దాకా ఆగొద్దు. రికార్డింగ్‌కు ఒప్పుకునే కుటుంబాలను కూడా అప్పటి నుంచే చూసుకోండి. ఇంట్లో ఎవరైనా ఇప్పుడు తిండితో ఇబ్బంది పడుతుంటే ఈ ఏడాది చేరకండి. మా బ్యాచ్‌లో ఒకరు మధ్యలో మానేశారు, వాళ్లింట్లో అదే జరుగుతోంది. ఎవరికైనా వెంటనే మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మా హాస్టల్లో అది ఫోన్ పక్కన గోడ మీద రాయించాను.

ఇప్పుడు చిత్తూరు ఆవిడా నేనూ నెలకోసారి కలుస్తున్నాం, డైటీషియన్ కూడా వస్తున్నారు. ఈ మధ్య పళ్ల డాక్టర్ల దగ్గరికి వెళ్లి మాట్లాడుతున్నాం. కక్కేవాళ్ల ముందు పళ్ల లోపలి వైపు ఎనామెల్ అరిగిపోతుంది, ఇంట్లో ఎవరికీ తెలియకముందే ఆ కుర్చీలో తెలిసిపోతుంది. కక్కిన వెంటనే బ్రష్ చేయొద్దు, నీళ్లతో పుక్కిలించమను అని చెప్పడం దగ్గర మొదలుపెట్టి, మా నంబరు ఇవ్వమని అడుగుతున్నాం. కొర్లగుంటలో ఒక పళ్ల డాక్టరు పోయిన వారం ఫోన్ చేశారు. పెళ్లయి ఇద్దరు పిల్లలున్న ఆవిడట, ముప్పై దాటింది. గురువారం సాయంత్రం వస్తానందట. ముందు ఫిజీషియన్ దగ్గర నాడి, ఈసీజీ చూపించుకుని రమ్మన్నాను.